టురీని కొండమీద రాంగ్ చక్రాలకి చైన్లు

ఈ ట్రిప్ అసలు ప్లాన్ చేసింది కాదు. ఫిబ్రవరిలో ఒకరోజు టూరిన్‌లో హెరిటేజ్ హబ్ చూడ్డానికి వెళ్ళాం, నేనూ మా రూమ్మేటూ. పాత ఫియట్ వర్క్‌షాప్ షెడ్డుని మ్యూజియంలా మార్చారు, రెండొందలకి పైగా కార్లుంటాయి, అన్నీ చూస్తూ చూస్తూ ర్యాలీ కార్ల దగ్గరకొచ్చేసరికి నేను ఆగిపోయా. లాంచియా డెల్టా, తెల్ల బాడీ మీద స్పాన్సర్ మార్టినీ కంపెనీ చారలు. మావాడు ఓ చుట్టు తిరిగి "ఏంట్రా ఇది, అగ్గిపెట్టెలా ఉంది, దీనికా ఇంత బిల్డప్పు" అన్నాడు.

వాడన్నదాంట్లో తప్పేం లేదు. అది జుజారో డిజైన్ చేస్తే 1979లో వచ్చిన ఐదు డోర్ల ఫ్యామిలీ హ్యాచ్‌బ్యాక్, పిల్లల్ని స్కూల్లో దింపి మార్కెట్‌కెళ్ళే కారు. దాని జాతకం తిరిగింది 1986లో. ఆ మేలో కోర్సికా ర్యాలీలో లాంచియా డ్రైవర్ హెన్రీ తొయివొనెన్, కో-డ్రైవర్ సెర్జియో క్రెస్తో డెల్టా ఎస్4తో లోయలో పడి చనిపోయారు (ఎస్4 పేరుకే డెల్టా, ఇంజిన్ సీట్ల వెనకాల పెట్టిన వేరే జంతువు అది), దాంతో గ్రూప్ బీ, అంటే ఎస్4 లాంటి విపరీతమైన పవరున్న ర్యాలీ కార్ల క్లాసు, బంద్. 1987 నుంచి గ్రూప్ ఏ, అంటే ఏడాదిలో 5000 తయారుచేసిన మోడల్‌తోనే రావాలి. మిగతావాళ్ళు ఏం చెయ్యాలా అని చూసుకునేలోపు లాంచియా దగ్గర 2 లీటర్ టర్బో, ఫోర్ వీల్ డ్రైవ్ పెట్టిన డెల్టా రెడీగా ఉంది. ఇక 1992 దాకా వరల్డ్ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో వరసగా 6 మాన్యుఫాక్చరర్స్ (కార్ల కంపెనీల) టైటిళ్ళు, మొత్తం 46 గెలుపులు. డ్రైవర్ టైటిళ్ళలో 1987, 1991 కంకునెన్‌వి, 1988, 1989 బియాసియోన్‌వి.

ఇదంతా మావాడికి ట్రామ్‌లో చెప్పుకుంటూ వచ్చా. మొదటి గెలుపు 1987 మాంటె కార్లోలో, ఆ ర్యాలీ అంటే కోల్ ద టురీని, 1607 మీటర్ల కనుమ, రాత్రిపూట మంచులో హెడ్‌లైట్లతో... "ఎంత దూరం మామా?" అన్నాడు. అంతే, శనివారం పొద్దున్నే ఒక రెంటల్ హ్యాచ్‌బ్యాక్ తీసుకుని బయల్దేరిపోయాం. మామూలు టైర్లు, డిక్కీలో స్నో చైన్ల బ్యాగు.

సవోనా దాకా హైవే, అక్కణ్ణుంచి సముద్రం పక్కన టన్నెల్, బ్రిడ్జి, మళ్ళీ టన్నెల్, బోర్డర్ దాటాక మెంతోన్ దగ్గర పైకి తిరిగాం. కింద ఎండ, నిమ్మచెట్లు, జాకెట్ కూడా తీసేశా. సోస్పెల్ దాటాక రోడ్డు సన్నబడిపోయింది, ఒక పక్క రాయి, ఇంకో పక్క మోకాలెత్తు గోడ, ఆ గోడ అవతల ఏమీ లేదు. ఒకచోట కొండమీది చాపెల్‌కి ఎక్కే దారి కిందనుంచే రోడ్డు వెళ్తుంది, ఫోటో తీద్దామంటే ఆపడానికి చోటే లేదు. మూలినే ఊరు దాటాక నీడపక్క మలుపుల్లో మంచు మొదలైంది, ఇంకాస్త పైకెళ్ళాక ఒక హెయిర్‌పిన్‌లో, అంటే పూర్తిగా వెనక్కి తిరిగే మలుపులో, స్టీరింగ్ తిప్పితే కారు తిరగలేదు. స్పీడ్ పదిహేనో ఇరవయ్యో ఉంటుంది, గట్టిగా ఉంటే. ముందు చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి మాత్రం మెల్లగా గోడ వైపు జరుగుతోంది, యాక్సిలరేటర్ వదిలి బ్రేక్ తొక్కితే నా కాలు అక్కడే బిగుసుకుపోయింది. అరచెయ్యి మందం గ్యాప్‌లో ఆగింది.

సరే చైన్లు వేద్దామని దిగాం. గ్లోవ్స్ లేవు, మంచుకి వేళ్ళు మొద్దుబారిపోతుంటే అరగంట కుస్తీ పట్టి వేశాం. వెనక చక్రాలకి. ఇంజిన్ ముందు చక్రాల్ని మాత్రమే తిప్పే ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకి! ఇంజినీరింగ్ పీజీ చేస్తున్న ఇద్దరం.

స్టార్ట్ చేస్తే అదే కథ, ముందు చక్రాలు గిర్రున. అప్పుడే కింద మలుపులోంచి ఒక గురక లాంటి సౌండ్, చూస్తే ఎర్ర డెల్టా ఇంటెగ్రాలే (ఆ ఫోర్ వీల్ డ్రైవ్ డెల్టాకి తర్వాత పెట్టిన పేరు), అందులోనూ చివర్లో వచ్చిన ఎవొలుజియోనె, ఉబ్బిన వీల్ ఆర్చీలు, బానెట్ మీద జల్లెడలాంటి గాలి కంతలు. అరవై దాటిన పెద్దాయన ఆపి దిగి, మా చైన్లు చూసి నవ్వాపుకోలేక మా ముందు చక్రాన్ని కాలితో తట్టి "దావాంతీ, దావాంతీ" అన్నాడు, అంటే ముందు చక్రాలకి నాయనా అని. ఆయనే మోకాళ్ళమీద కూర్చుని ఐదు నిమిషాల్లో మార్చేశాడు.

థ్యాంక్స్ చెప్పి సిగ్గు వదిలేసి అడిగేశా, సిన్యోరె, ఒక్క మలుపు ఎక్కించుకుంటారా అని. రెండు మలుపులు తిప్పాడు. అదే మంచు, కార్ల బరువులో కూడా మరీ తేడా లేదు, ఆయన టైర్లు వింటర్ టైర్లే అనుకోండి, కానీ మేం జారిపోయిన హెయిర్‌పిన్‌లోనే ఆయన మధ్యలో యాక్సిలరేటర్ నొక్కాడు, నేను డోర్ పట్టుకున్నా, కారు ఒక్క క్షణం వెనక భాగం ఊపి నాలుగు కాళ్ళతో నేలని గీరుకుంటూ బయటికొచ్చేసింది. మధ్యలో ఒక విస్కస్ కప్లింగ్, ముందు వెనక ఏ వైపు చక్రాలు జారితే రెండో వైపుకి పవర్ పంపుతుంది, వెనక యాక్సిల్‌లో టోర్సెన్ డిఫరెన్షియల్, అది రెండు వెనక చక్రాల్లో పట్టున్నదానికి ఎక్కువ పవర్ ఇస్తుంది. 1987లో వచ్చిన ఇంటెగ్రాలేలో పవర్ 56 శాతం ముందుకీ 44 వెనక్కీ వెళ్ళేది, 1989లో 16 వాల్వులది వచ్చినప్పుడు దాన్ని తిప్పేసి 47, 53 చేశారు. ఈ నంబర్లు నాకు కంఠతా వచ్చు, కానీ నడుముకి తెలిసింది మాత్రం ఆ రోజే.

పైన కనుమ దగ్గర పెద్దగా ఏం లేదు, నాలుగు రోడ్లు కలుస్తాయి, ఒకట్రెండు హోటళ్ళు, పైన్ చెట్లు. మాంటె కార్లో అయిపోయి చాలా రోజులైంది. ర్యాలీ రాత్రి ఇక్కడ జనం కావాలనే రోడ్డు మీదికి మంచు తోస్తారు, 2005లో అలా తోసిన మంచుకే ర్యాలీ డ్రైవర్లు గ్రోన్‌హోమ్, సోల్బెర్గ్ ఇద్దరూ గోడకి కొట్టి చక్రాలు పోగొట్టుకున్నారు. నాకైతే అది సరదాలా అనిపించదు, మనవాడు రన్ తీస్తుంటే పిచ్ మీద నూనె పోసినట్టుంటుంది.

వేడి చాక్లెట్ తాగి, చైన్లతో టకటకలాడుకుంటూ దిగి, సోస్పెల్‌లో అవి ఊడదీసేసరికి చీకటి పడింది. మావాడు దారంతా మాట్లాడలేదు, నిద్రపోయాడేమో అనుకున్నా. సవోనా దాటాక ఉన్నట్టుండి, "మామా, ఆ అగ్గిపెట్టెకి వెనక్కి 53 అన్నావా, 56 అన్నావా?"