ప్రశ్నలు అడిగేవాడి పాత్ర: 1946 నాటి గొంతులతో ఒక నాటకం

షికాగోలో మాదో చిన్న నాటక బృందం. పగలు ఉద్యోగాలు, సాయంత్రాలు రిహార్సల్స్. నాజీల చేతుల్లోంచి ప్రాణాలతో బయటపడిన యూదుల సాక్ష్యాలతో డాక్యుమెంటరీ నాటకం వేద్దామని మా దర్శకురాలు అన్నప్పుడు, నాకూ ఏదో ఒక సాక్షి పాత్ర వస్తుందనుకున్నాను. ఆవిడ నాకిచ్చింది ప్రశ్నలు అడిగే మనిషి పాత్ర. ఆ మనిషి పేరు డేవిడ్ బోడర్.

బోడర్ ఇక్కడి ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సైకాలజీ ప్రొఫెసర్. 1886లో ఇప్పటి లాత్వియాలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. 1946 వేసవిలో వైర్ రికార్డర్ తీసుకుని యూరప్ వెళ్లాడు. టేపు రికార్డర్లు ఇంకా జనంలోకి రాని కాలం అది. వెంట్రుకంత సన్నని ఉక్కు తీగ మీద గొంతు రికార్డయ్యేది. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ, జర్మనీ తిరిగి, ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న 130 మంది దాకా మనుషుల్ని వాళ్ల భాషల్లోనే మాట్లాడించాడు. తొమ్మిది భాషలు, 200 స్పూళ్లు (తీగ చుట్టలు), సుమారు 90 గంటలు. అందులో ఎక్కువమంది యూదులే. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి అప్పటికి ఏడాది దాటిందంతే. ఆ రికార్డింగులు, వాటి రాతప్రతులు ఆ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్లోనే దొరుకుతాయి. మన తెలుగు పిల్లలు ఎంతమందో అక్కడ చదువుతున్నారు. వాళ్లలో ఒక్కరైనా ఇది చదివి అవి వింటే నాకు సంతోషం.

స్క్రిప్టు పని మొదలవగానే వాదన మొదలైంది. మా నియమం ఒక్కటే: కత్తిరించవచ్చు, కలపకూడదు. సాక్షి చెప్పని మాట ఒక్కటి కూడా స్టేజీ మీద వినిపించకూడదు. మరి బోడర్ ప్రశ్నల మాటేమిటి? అవి తీసేస్తే సాక్ష్యం ధారగా సాగుతుందని, ప్రేక్షకులు కథలో మునిగిపోతారని బృందంలో సగంమంది పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. నా పాత్ర పోతుందని కాదు. ఆ ప్రశ్నలు వినండి. నాజీల శిబిరాలకు తోలుకెళ్లిన రైలు పెట్టెలో ఎంతమంది ఉన్నారు, నీళ్లు ఇచ్చారా, దొడ్డికి ఎలా వెళ్లేవారు అని అడుగుతాడు. శిబిరంలో సాక్షికి రోజూ నోట్లో నానిన మాట ఆయనకు అర్థం కాక మళ్లీ అడుగుతాడు. 1946లో వినేవాడికి ఏమీ తెలియదు. ఇవాళ మనం అన్నీ తెలిసినట్టు హాల్లోకి వచ్చి కూర్చుంటాం. తెలియని మనిషికి మొదటినుంచీ విడమర్చి చెప్పాల్సి వచ్చిన కష్టం ఆ సాక్ష్యాల్లో ఉంది. ప్రశ్న తీసేస్తే ఆ కష్టం పోతుంది, ఏకపాత్రాభినయం మిగులుతుంది. చివరికి ప్రశ్నలు ఉంచాం.

ఇంకోటి కూడా ఉంచాం. ఒక్కో స్పూల్ అరగంట లోపే అయిపోయేది. తల్లి నుంచి విడదీసిన సంగతి చెబుతున్నా సరే, తీగ అయిపోతే బోడర్ ఆపాల్సిందే. స్పూల్ అయిపోయిందని తన గొంతుతోనే ప్రకటించి, ఇంకోటి ఎక్కించి, మళ్లీ అక్కడినుంచే అందుకోమనేవాడు. నాటకంలో నేను లేచి, పాత స్పూల్ తీసి, కొత్తది పెట్టి, తీగ కొస దారం ఎక్కించినట్టు అవతలి చుట్టకు తగిలించి కూర్చునేదాకా అందరం ఆగుతాం. సంగీతం లేదు, లైటు మారదు. సాక్షి పాత్ర వేసినావిడ చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తుంది. చెప్పడం మధ్యలో ఆపేయాల్సి వచ్చిన మనిషి మళ్లీ ఎలా మొదలుపెడుతుందన్నది ఆ కాసేపట్లో ప్రేక్షకుడికి అందినంతగా మరెక్కడా అందలేదు.

నటన విషయానికొస్తే, నేను ఊళ్లో ఉన్నప్పుడు పరిషత్తు నాటకాలు ఆడినవాణ్ణి. చివరి వరసకి వినబడేలా డైలాగు విసరడం, చప్పట్ల కోసం ఒక క్షణం ఆగడం ఒంట్లో ఇంకిపోయాయి. ఇక్కడ అవేవీ కుదరవు. మా దర్శకురాలు అందరికీ ఇయర్‌ఫోన్లు ఇచ్చింది. చెవిలో అసలు రికార్డింగు తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లోనో జర్మన్‌లోనో నడుస్తుంటుంది. మేం చెప్పేది ఇంగ్లిష్ అనువాదం. మాట అర్థం కాకపోయినా ఊపిరి ఎక్కడ తీసుకున్నారు, ఎక్కడ తడబడ్డారు అన్నది చెవికి తెలుస్తుంది. చాలామంది ఏడుస్తూ చెప్పలేదు. లెక్క అప్పజెప్పినట్టు, ఊరి పేరు, తేదీ, ఎటు పంపారు అంటూ చెప్పుకుపోయారు. మనం అక్కడ ఏడుపు గొంతు పెడితే వాళ్లకి అన్యాయం చేసినట్టే. శిబిరాల్లో ఖైదీలకు వేసిన చారల బట్టలు కూడా వద్దన్నాం.

జ్ఞాపకం తప్పిన చోట ఏం చేయాలన్నది పెద్ద టెన్షన్. దీనికి దారి చూపించింది యేల్ విశ్వవిద్యాలయం ఆర్కైవ్‌లోని ఒక సాక్ష్యం మీద జరిగిన చర్చ. 1944 అక్టోబర్ 7న నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌లో ఖైదీలు తిరగబడిన రోజున శవాలు కాల్చే కొలిమిళ్ల నాలుగు పొగగొట్టాలు పేలిపోయాయని ఒకావిడ చెప్పారు. పేలింది ఒక్కటేనని, కాబట్టి ఆ సాక్ష్యం పనికిరాదని కొందరు చరిత్రకారులన్నారు. ఆవిడ సాక్ష్యం విన్న మానసిక వైద్యుడు డోరీ లాబ్ ఒప్పుకోలేదు. అలాంటి చోట ఎదురుతిరగడమన్నది ఒకటి జరిగిందని, ఎవరూ ఊహించలేని ఆ సంగతికి ఆవిడ సాక్షి అని ఆయన వాదన. మేం కూడా సాక్షి మాటను సాక్షి మాటగానే ఉంచి, సరైన వివరాన్ని ప్రేక్షకులకిచ్చే కాగితంలో అచ్చువేశాం. యూదుల ఊచకోత అంతా అబద్ధమని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి ఆ కాగితం విషయంలో ఎంత జాగ్రత్తపడినా తక్కువే.

మొదటి ప్రదర్శన షికాగో పక్కనున్న స్కోకీలో వేశాం. యుద్ధం తర్వాత ప్రాణాలతో మిగిలిన యూదులు ఎంతోమంది వచ్చి స్థిరపడిన ఊరు అది. వాళ్ల పిల్లలు, మనవలు వచ్చి కూర్చున్నారు. నాకు అన్నిటికంటే కష్టమైన చోటు చివర్లో ఉంది. జర్మనీలోని వీస్‌బాడెన్‌లో పని ముగించేటప్పుడు బోడర్ అదే తీగ మీద తన మాటా రికార్డు చేశాడు. దీనికంతటికీ తీర్పు చెప్పేదెవరు, నా పనికి తీర్పు చెప్పేదెవరు అని అడిగాడు. ఆ మాట నేను చెప్పాలి. అన్నాళ్లూ ప్రశ్నలు అడిగి జవాబులు విన్నవాణ్ణి, ఆ ఒక్క ప్రశ్నకి జవాబిచ్చేవాళ్లు ఎదురుగా లేరు.

ఆట అయ్యాక ఒక పెద్దాయన వచ్చి, వాళ్ల నాన్న ఇంట్లో ఎన్నడూ నోరు విప్పలేదన్నారు. ఆ ప్రశ్నలు అడగడం తమకెవరికీ చేతకాలేదని, ఎలా అడగాలో ఇవాళ విన్నానని అన్నారు. ఏం చెప్పాలో తెలియక ఆయన చేయి పట్టుకున్నాను.

ఇప్పుడు గ్రీసులోని సలోనికా యూదుల సాక్ష్యాలు చదువుతున్నాం. వాళ్లలో కొందరు బోడర్‌తో స్పానిష్‌లో మాట్లాడారు. ఆ భాష వచ్చిన నటుల కోసం వెతుకుతున్నాం. ఈసారీ ప్రశ్నలు అలాగే ఉంటాయి.