పాపర్ దావా: నా అనుభవం

పుట్టింటి భూమిలో నా వాటా కోసం దావా వేయాలంటే, స్వాధీనం నాది కాదు గనుక, ఆ వాటా మార్కెట్ విలువను బట్టి కోర్టు ఫీజు కట్టాలన్నారు. అంత సొమ్ము లేక, సివిల్ ప్రొసీజర్ కోడ్ 33వ ఆర్డరు కింద, ఫీజు కట్టకుండానే దావా వేసుకోవడానికి అనుమతి కోరాను. నిన్ననే అది మంజూరైంది. ఆస్తుల జాబితా రాయడం, దరఖాస్తును స్వయంగా దాఖలు చేయడం సులువుగానే జరిగిపోయాయి.

ఇలా దావా వేసేవాళ్లకు చట్టంలో ఉన్న ‘పాపర్’ (నిరుపేద) అన్న మాటను 1976 సవరణలో తీసేసి ‘ఇండిజెంట్ పర్సన్’ (స్తోమత లేని వ్యక్తి) అని మార్చారు గానీ, కోర్టు వరండా దాకా ఆ సవరణ రాలేదు. నా పేరు పిలిచిన ప్రతిసారీ అటెండరు ముందుగా ‘పాపర్’ అని తగిలించేవాడు. అది విన్న బంధువొకాయన నేను ఐ.పి. (దివాలా పిటిషన్) పెట్టానని ఊరంతా చాటి వచ్చాడు. ఎవరికీ పైసా బాకీ లేని దాన్ని, ఇంటింటికీ వెళ్లి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

అంతకన్నా ఘోరం క్రాస్ ఎగ్జామినేషన్. పుస్తెలతాడు ఎన్ని కాసులని, సెల్‌ఫోను ఎవరు కొనిచ్చారని, కట్టుకున్న చీర ఖరీదెంతని అవతలి వకీలు నిండు కోర్టులో నిలదీశారు. ఎకరా లక్షలు పలికే భూమికి వారసురాలినంటున్న మనిషి పేదరాలెలా అవుతుందని వెటకారమాడారు. మతాచారం ప్రకారం స్త్రీ వదులుకోలేని నగలు, వంటపాత్రలు, పరుపులు అదే కోడ్ 60వ సెక్షన్ కింద జప్తుకు రావనీ, అలాంటివాటినీ దావాలోని ఆస్తినీ స్తోమత కింద లెక్కించకూడదనీ ఆయనకు తెలియక కాదు. నేను తలవంచుకుని లేచిపోతానని ఆయన ఆశ. నేను మాత్రం ప్రతి ప్రశ్నకూ గొంతు వణకకుండా జవాబిచ్చాను. ఫీజు రావలసింది ప్రభుత్వానికే అయినా, ప్రభుత్వ ప్లీడరు ఒక్క ప్రశ్నా అడగలేదు.

దరఖాస్తుకు ముందు రెండు నెలల్లో ఫీజు ఎగవేయడానికి ఆస్తి బదలాయించినట్టు తేలితే తిరస్కరిస్తారు. ఇక ఆడవాళ్లు ముందుగా న్యాయసేవా సంస్థకు వెళ్లండి: 1987 నాటి న్యాయసేవా సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. నా దగ్గర ఫీజు పుచ్చుకున్న మొదటి వకీలుగారు ఈ ముక్క చెప్పనే లేదు. అనుమతి దొరికిందంటే ఫీజు మాఫీ అయినట్టు కూడా కాదు. గెలిస్తే ఆ ఫీజు రాబట్టుకోవడానికి దావా ఆస్తి మీద ప్రభుత్వానికి మొదటి హక్కు ఉంటుంది, ఓడితే నేనే కట్టాలి.