మాల తీసిన తర్వాత కూడా

గత కార్తీకంలో తొలిసారి అయ్యప్ప మాల వేసుకున్నాను. తెల్లవారుజామున చన్నీటి స్నానం, నల్లబట్టలు, చెప్పులు లేని నడక, మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం, నేల పడక, బ్రహ్మచర్యం అంటూ గురుస్వామి నియమాలన్నీ వివరించారు. వాటికి తోడు ఎవరికీ చెప్పకుండా నేను మరొకటి పెట్టుకున్నాను: ఈ 41 రోజులూ ఇంట్లో గానీ ఆఫీసులో గానీ గొంతు పెంచి మాట్లాడకూడదు.

కష్టమని భయపడ్డ నియమాలన్నీ అనుకున్నదానికన్నా సులువుగా సాగిపోయాయి. నల్లబట్టలతో, వట్టి కాళ్లతో ఆఫీసుకు వచ్చే మనిషి దీక్షను చుట్టూ ఉన్నవాళ్లే కాపాడతారు. రోజూ సిగరెట్టుకు పిలిచే మిత్రుడు పిలవడం మానేశాడు. భిక్షకు వెళ్లే వేళలో మీటింగు పెట్టకుండా మా మేనేజరే జాగ్రత్తపడ్డారు. ఇంట్లో నా భార్య నాకంటే ముందే లేచి, స్నానం చేసి, పూజకు అన్నీ అమర్చి, ఆపైన తన ఉద్యోగానికి వెళ్లేది. దీక్ష నా పేరున సాగినా సగం బరువు ఆమే మోసింది. స్వాములం నలుగురం కూర్చున్నప్పుడు ఈ సంగతి మా మాటల్లోకి ఎందుకో రాదు.

ఎవరికీ తెలియని నియమానికి మాత్రం అలాంటి కాపలా లేదు. పందొమ్మిదో రోజు సాయంత్రం, మర్నాటికి అప్పగించాల్సిన రిపోర్టు ముందేసుకొని కూర్చున్నప్పుడు, మా అబ్బాయి ఆ కాగితాల మీద నీళ్లగ్లాసు ఒలకబోశాడు. నేను వేసిన కేక పక్కింటికి కూడా వినిపించే ఉంటుంది. నా భార్య "స్వామీ!" అని ఒక్క మాట అని ఊరుకుంది. ఆ పిలుపుకు నేను తగనని ఆ క్షణంలో అనిపించినంతగా మరెప్పుడూ అనిపించలేదు.

ఒకసారి తప్పాక ఇంకా లెక్కెందుకనే సాకు ఆ రాత్రే మనసులో మెదిలింది. స్నానం ఒకపూట ఆలస్యమైందని మాల తీసేయం కదా అని సర్దిచెప్పుకొని, క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టి, నియమం కొనసాగించాను. శబరిమల యాత్రకు తలపై మోసే ముడిని కట్టే ఇరుముడి నాటికి అలాంటి సున్నాలు 6 పోగయ్యాయి.

ఇరుముడి రోజున పీచు గీకి నున్నగా చేసిన కొబ్బరికాయకు ఒక కన్ను తొలిచి, లోపలి నీళ్లు వంపేసి, శరణుఘోష మధ్య సన్నని ధారగా నెయ్యి నింపి, కార్కు బిగించారు. ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ముడిలో గుప్పెడు బియ్యం వేశారు. మా అబ్బాయి కూడా వేసి, వంగి నా కాళ్లకు మొక్కినప్పుడు నాకు ఆ ఆరు సున్నాలే కళ్ల ముందు మెదిలాయి.

చెంగన్నూరులో రైలు దిగి, నిలక్కల్ మీదుగా పంబ చేరుకొని, నదిలో స్నానం చేసి నీలిమల ఎక్కడం మొదలుపెట్టాము. పంబ నుంచి సన్నిధానం సుమారు 5 కిలోమీటర్లే అయినా, అప్పాచిమేడు దాటేసరికి పిక్కలు బిగుసుకుపోయాయి. శరంగుత్తి దగ్గర క్యూ గంటల తరబడి కదలలేదు. ఆ తోపులాటలో వెనుకనున్న పెద్దాయన నా మడమను గట్టిగా తొక్కారు. అప్పటికే రాయి గుచ్చుకొని పగిలిన మడమ అది. కసురుకోబోయి వెనక్కి తిరిగేసరికి ఆయన రెండు చేతులూ జోడించి "స్వామి శరణం" అన్నారు. ఆ మాటకు జవాబుగా అదే మాట అనడం తప్ప మరో మార్గం లేదు. నేనూ "స్వామి శరణం" అన్నాను. అనడానికి పట్టిన ఆ కాస్త వ్యవధిలోనే కోపం జారిపోయింది.

పద్దెనిమిది మెట్ల మీద ఏదో గొప్పగా వేడుకోవాలని దారంతా అనుకున్నాను కానీ, అక్కడి పోలీసు స్వాములు చేయి పట్టి పైకి లాగేస్తుంటే మెట్లు ఎప్పుడు అయిపోయాయో తెలియలేదు. నెయ్యి అభిషేకానికి ఇచ్చి, కొబ్బరి చిప్పను అక్కడ మండే అగ్నిగుండం ఆళిలో వేసి, తిరుగుప్రయాణమయ్యాము.

ఇంటికి వచ్చాక మా అమ్మ చేతులమీదుగా మాల తీయించుకున్నాను. గడ్డం పోయింది, కాళ్లకు బూట్లు వచ్చాయి, ఆఫీసులో పిలుపు మళ్లీ "ఏమండీ"కి మారింది. నాలుగో రోజు రాత్రి మా అబ్బాయికి భాగహారం చెబుతుంటే, మూడోసారి కూడా అదే తప్పు చేశాడు. నా గొంతు లేచింది. వాడు పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "స్వామి శరణం" అన్నాడు.

"స్వామి శరణం" అని, నేను ఆ లెక్కను మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.