దేనికోసం ఈ ఎదుగుదల?

ఆర్థిక వ్యవస్థ దేనికోసమన్న ప్రశ్నను అడగడం మనం ఏనాడో మానేశామని నాకనిపిస్తుంది. అది ఎంత వేగంగా పెరుగుతోందన్న ఆరా ఒక్కటే మిగిలింది. 1934లో అమెరికా కాంగ్రెస్‌కు జాతీయాదాయ లెక్కలు సమర్పించిన ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్, ఆ అంకెను బట్టి ప్రజల సంక్షేమాన్ని అంచనా కట్టడం కష్టమని ఆ నివేదికలోనే హెచ్చరించారు. హెచ్చరికను పక్కనపెట్టి, అంకెను మాత్రం నెత్తికెత్తుకున్నాం. అడవిని నరికి అమ్మిన కలప స్థూల దేశీయోత్పత్తిలో (జీడీపీ), అంటే ఏడాదిలో దేశంలో తయారైన సరుకుల, సేవల మొత్తం విలువలో, చేరుతుంది గానీ పోయిన అడవి ఆ లెక్కలో తీసివేతగా కనబడదు. ఇంట్లో పెద్దవాళ్లకు చేసే సేవకు అక్కడ విలువ లేదు, అదే పనికి జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటే మాత్రం ఉత్పత్తి పెరిగినట్టే. 1990లో వచ్చిన మానవాభివృద్ధి సూచిక ఆయుర్దాయాన్నీ చదువునూ ఆదాయం సరసన నిలబెట్టింది, సంతోషమే. అయితే పనివాడి సామర్థ్యం పెరిగినప్పుడు వస్తువులు పెరగాలా, పనిగంటలు తగ్గాలా అన్నది ఏ సూచికా తేల్చలేదు. దాన్ని తేల్చుకునే హక్కు ఆ పని చేసేవాళ్లకే ఉండాలని నా అభిప్రాయం.