డిసెంబరు 25 పనిదినమైన ఊళ్లో

2017 డిసెంబరు 25, సోమవారం. ఆ ఉదయం నేను తలంటుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న మంగళగిరి చీర కట్టుకుని, దాని మీద తెల్లకోటు తొడుక్కుని డ్యూటీకి వెళ్లాను. మేము ఉంటున్న నెకెమ్తే పట్టణంలో ఆ రోజు క్రిస్మస్ కాదు. ఇథియోపియా పంచాంగం ప్రకారం అది 2010వ సంవత్సరం, తహ్‌సాస్ నెల 16వ తేదీ. బళ్లు తెరిచారు, సంతలో బేరాలు సాగుతున్నాయి, మా ఆరోగ్య కేంద్రం ముందు టీకాల కోసం తల్లులు చంటిబిడ్డలను వీపున కట్టుకుని ఎప్పటిలాగే వరుసలో కూర్చున్నారు. అక్కడ క్రీస్తు జన్మదినం జనవరి 7న; ఆర్థడాక్స్ వారైనా, ప్రొటెస్టెంట్లైనా ఆ రోజే జరుపుకుంటారు. ఈ సంగతి మాకు ముందే తెలుసు. తెలిసి ఉండటం వేరు, ఆ తేదీన పండుగ బట్టలు కట్టుకుని వీధిలో నడవడం వేరు.

మా ఆయన అక్కడ సంఘం నడిపే బడిలో లెక్కలు చెప్పేవారు, నేను నర్సులకు ప్రసూతి పనిలో శిక్షణ ఇచ్చేదాన్ని. మమ్మల్ని పంపినవారి కాగితాల్లో మా ఇద్దరి పేర్ల పక్కన ‘మిషనరీలు’ అని ఉంటుంది. గుంటూరు లూథరన్ ఇంట్లో పుట్టినదానికి ఆ మాట తన పేరు పక్కన చూసుకోవడం అంత తేలిక కాదు. మాకు మిషనరీలంటే 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టిన హయ్యర్ అయ్యగారు, 1883లో వచ్చి, ఆడవాళ్లకు ఆసుపత్రి కట్టించి, చివరిదాకా ఇక్కడే ఉండిపోయిన డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారు. అంటే సముద్రం అవతలి నుంచి మన దగ్గరికి వచ్చేవాళ్లు. పైగా మేము వెళ్లింది ఏ దేశానికి? అక్సుం రాజు ఎజానా నాలుగో శతాబ్దంలోనే క్రైస్తవ మతాన్ని స్వీకరించిన దేశానికి. గుంటూరులో మొదటి లూథరన్ బడి పెట్టడానికి దాదాపు పదిహేను వందల ఏళ్ల ముందే అక్కడ యేసు నామం తెలుసు. సువార్త తెచ్చామని వారి ముందు చెప్పుకోవడానికి ఎవరికైనా నోరు రాదు. చేతనైన పని చేయడానికి వచ్చామని మాత్రమే చెప్పుకునేవాళ్లం.

ఆ డిసెంబరు మొదటి వారంలో మా ఆరేళ్ల పాప స్టార్ ఎప్పుడు కడతారని అడగడం మొదలుపెట్టింది. గుంటూరులో డిసెంబరు ఒకటో తేదీ వచ్చిందంటే మేడ మీద వాసానికి స్టార్ వేలాడవలసిందే, లేకపోతే ఆ ఇంట్లో ఎవరికో బాగాలేదని ఇరుగుపొరుగు అనుకుంటారు. వెదురుబద్దలు దొరకక మా ఆయన జామాయిల్ పుల్లలతో చట్రం కట్టారు. మెనెలిక్ చక్రవర్తి కాలంలో వంటచెరకు కోసం తెప్పించిన ఆ చెట్టు ఇప్పుడు ఆ కొండల నిండా ఉంది. ప్రకాశం జిల్లా తోటల్లో వచ్చే వాసనే అక్కడ వాన వెలిసిన సాయంత్రాల్లో వస్తుంది. రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి, గుమ్మం ముందు వేలాడదీశాం. పక్కింటి కుర్రవాడు రెండు రోజులు దాన్ని చూసి, ఇది దుకాణం గుర్తా అని అడిగాడు.

24వ తేదీ రాత్రి గుంటూరులో పన్నెండు గంటలు కొట్టినప్పుడు మాకు తొమ్మిదిన్నర. అక్కడివాళ్ల లెక్కలో అయితే రాత్రి మూడున్నర, ఎందుకంటే వాళ్లు గంటలను పొద్దు పొడిచినప్పటి నుంచి, పొద్దు గుంకినప్పటి నుంచి లెక్కపెడతారు. మన పెద్దలు జాములు లెక్కపెట్టిన తీరు అదే కదా అనిపించింది. ఫోన్లో అమ్మ గుడి గంటలు వినిపించబోయింది కానీ లైను తెగిపోయింది.

పండుగ రోజున మటన్ వండి తోటి సిబ్బందికి పెడదామని నేను ముందు అనుకున్నాను. మా ఆయన గుర్తు చేయకపోయి ఉంటే పెద్ద పొరపాటే జరిగేది. ఆర్థడాక్స్ వారికి జనవరి 7కు ముందు 43 రోజుల ఉపవాసం. ఆ రోజుల్లో మాంసం, గుడ్లు, పాలు, నెయ్యి ముట్టరు; నిష్ఠగా ఉండేవారు మధ్యాహ్నం దాటేదాకా మంచినీళ్లు కూడా తాగరు. నాతో పనిచేసే సిస్టరు అలాంటి మనిషి. చివరికి డబ్బాలో అడుగున మిగిలిన చింతపండు తీసి, ఎండు కరివేపాకు వేసి పులిహోర కలిపాను. నూనె, పప్పులు, పులుపు తప్ప అందులో ఏముంది? మూడు గంటలప్పుడు ఆమె చేతులు కడుక్కుని వచ్చి, ఒక ముద్ద తిని, మీకు కూడా ఉపవాసాలు ఉన్నాయా అని అడిగింది. ఇది మా పండుగ వంట అంటే నమ్మలేదు. పండుగకు ఉపవాసపు తిండి తింటారా అని నవ్వింది.

ఆ వారమే మమ్మల్ని పంపినవారి దగ్గర నుంచి ఒక సందేశం వచ్చింది. పిల్లలకు క్రిస్మస్ బహుమతులు పంచుతున్న ఫోటోలు పంపమని, చందాలు ఇచ్చేవారికి చూపించాలని కోరారు. వారి ఉద్దేశం చెడ్డదని నేను అనను. కానీ అది చదవగానే నాకు మా అమ్మమ్మ గుర్తుకు వచ్చింది. ఆమె చిన్నతనంలో మిషన్ హాస్టల్లో ఉండేది. క్రిస్మస్‌కు అమెరికా నుంచి పెట్టెలు వచ్చేవట, ఆడపిల్లలందరినీ నిలబెట్టి చేతికొక బొమ్మ ఇచ్చి ఫోటో తీసేవారట. బొమ్మను ఆమె ప్రాణంగా చూసుకుంది, దొరసానమ్మను జీవితాంతం ప్రేమతోనే తలుచుకుంది. అయినా ఆ ఫోటో ఏదని నేను అడిగినప్పుడు, ‘మాకెందుకిస్తారే, అది వాళ్ల కోసం తీసుకున్నది’ అంది. నెకెమ్తేలో కెమెరా ఇప్పుడు నా చేతిలో ఉంది, అంతే తేడా. ఫోటో పంపలేదు. టీకాలు ఎందరికి వేశామో లెక్క రాసి పంపాను; దానికి జవాబు రాలేదు.

దూరదేశపు క్రిస్మస్ గురించి నాకంటే ఎక్కువ తెలిసిన మనిషి ఆ ఊరి మట్టిలోనే ఉన్నాడు. ఒనేసిమోస్ నెసిబ్‌ను చిన్నతనంలోనే ఎత్తుకుపోయి బానిసగా అమ్మారు. ఎర్ర సముద్రపు రేవు మసావాలో విడుదల పొంది, స్వీడిష్ మిషన్ బడిలో చదువుకుని, సొంత ఊరికి వెళ్లే దారులు ఏళ్ల తరబడి మూసుకుపోయి ఉండగా ఎరిత్రియాలో కూర్చుని బైబిలును నెకెమ్తే వైపు జనం మాట్లాడే ఒరోమో భాషలోకి తెచ్చాడు. బానిసత్వం నుంచే విడుదలైన ఆస్తెర్ గన్నో అనే ఆమె ఆ పనిలో ఆయనకు తోడు; నుడికారం తెలిసిన మనిషి ఆమె. 1899లో ఆ బైబిలు అచ్చయింది, 1904లో ఆయన నెకెమ్తే ఉన్న వొల్లెగా ప్రాంతానికి తిరిగి వచ్చాడు, 1931లో నెకెమ్తేలో కన్నుమూశాడు. ఆ భాష నేలకు దూరంగా ఉన్న చోట దాన్ని పుటపుటా నిలబెట్టుకున్నవాళ్లు వాళ్లు. మేము మా పాప తెలుగు మరిచిపోతుందేమోనని రోజుకొక కీర్తన పాడించడమే గొప్ప అనుకుంటున్నాం.

జనవరి 7 ఆదివారం వచ్చింది. గుడి నుంచి వస్తుంటే పక్కింటి పెద్దావిడ మా పాప చెయ్యి పట్టుకుని నేరుగా వాళ్లింటికి తీసుకుపోయింది, వెనకాల మేము వెళ్లక తప్పలేదు. వెడల్పాటి పళ్లెంలో ఇంజెరా అనే పుల్లటి పెద్ద అట్టు, దాని మీద దోరో వత్. ఉల్లిపాయను గంటల కొద్దీ వేయించి, బెర్బెరె కారం, మసాలా వెన్న వేసి, ఉడికించిన గుడ్లతో దించిన కోడికూర. కారంలో గుంటూరు మిరపకాయదే పైచేయి అని ఊరి అభిమానం కొద్దీ చెబుతాను, కానీ ఆ కూర వాసన ముందు మా అమ్మ వంట కూడా కాసేపు తగ్గి కూర్చోవాలి. అందరం ఒకే పళ్లెం చుట్టూ కూర్చున్నాం. పెద్దావిడ ఇంజెరా తుంచి, కూర చుట్టి, పెద్ద ముద్ద చేసి మా పాప నోట్లో పెట్టింది, తరువాత నాకు, తరువాత మా ఆయనకు. గుర్షా అంటారు, మన గోరుముద్దే, కాకపోతే గోరంత ఉండదు. బయట మైదానంలో కుర్రవాళ్లు వంపు కర్రలతో గెన్నా ఆడుతూ అరుస్తున్నారు. యేసు పుట్టాడని విన్న గొల్లలు సంతోషంతో తమ కర్రలతోనే ఆడిన ఆట అని చెబుతారు.

మూడో విడత కాఫీ పోస్తుండగా ఆ ఇంటి కుర్రవాడు మా గుమ్మం వైపు చూపించి, ‘ఆ నక్షత్రం ఇవాళ కదా కట్టాలి, మీరు తొందరపడ్డారు’ అన్నాడు.

రాత్రి అమ్మకు ఫోను కలిసింది. ఇవాళ క్రిస్మస్ అన్నాను. ‘మళ్లీనా!’ అంది. ఏం వండావే అని అడిగింది. వండలేదమ్మా, పెట్టారు అన్నాను.