ఎడమ చేతికి వేసుకోవచ్చా?

రొమ్ము క్యాన్సర్‌కు ఆఖరి రేడియేషన్ అయి ఏడు నెలలు. జుట్టు మళ్లీ వచ్చింది, ఈసారి ఉంగరాలు తిరిగి. రాయగలననే ధైర్యం ఇప్పుడే కలిగింది. నిజం చెప్పాలంటే ఒక డాక్టరు మీద కోపం ఇంకా చల్లారలేదు.

గడ్డ చేతికి తగిలిన వారంలోపే మా వీధి చివరి క్లినిక్కుకు వెళ్లాను. కొవ్వు గడ్డ అన్నారు, మూడు నెలలు మాత్రలు మింగించారు. మామోగ్రాం, బయాప్సీ అన్నీ ముగిశాక, పెద్దాసుపత్రిలో సర్జన్ నా ఫైలు మీద పేరు చివర మా లంబాడీ ఆడవాళ్లకుండే ‘బాయి’ చూసి పక్కనున్న కుర్ర డాక్టర్లతో అన్నాడు: “ఈ తండాల వాళ్లంతే. ముదిరాక గానీ రారు.”

నేను ప్రైవేటు హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పుట్టింది దేవరకొండ దగ్గర తండాలో, పదహారేళ్లుగా ఉంటున్నది వనస్థలిపురంలో. కణ విభజన బొమ్మ కళ్లు మూసుకుని గీయగలను. ఆ రోజు మాత్రం నోరు పెగలలేదు. ఆయనే ఆపరేషన్ చక్కగా చేశాడు, కుట్లు పిసరంత చీము కూడా పట్టకుండా మానాయి. ఆ చేతులకు దండం పెట్టాలో, ఆ నోటిని కడిగి పారేయాలో నాకింకా తేలలేదు.

డబ్బు బాధ ఆరోగ్యశ్రీ వల్ల చాలావరకు తప్పింది. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితిని 10 లక్షలకు పెంచారు. కౌంటరులోని ఆరోగ్యమిత్ర అమ్మాయి నా కాగితాలన్నీ తనే సర్దిపెట్టేది, ఆమె చల్లగా ఉండాలి. అయితే తోడుకు వచ్చే మనిషి బస్సు చార్జీ, పోగొట్టుకున్న కూలి ఏ కార్డులోకీ రావు. మా తండా 2018లో గ్రామ పంచాయతీ అయింది. రొమ్ములో గడ్డ చూపించుకోవాలంటే మాత్రం ఇప్పటికీ బస్సెక్కాల్సిందే.

మా అమ్మకు తెలుగు అంతంత మాత్రం. “కీమో అయ్యాక పాతిక రోజులు కరెంటు పెడతారు” అని ఎవరో చెబితే రాత్రంతా ఏడ్చింది. రేడియేషన్‌ను మనవాళ్లు అలాగే అంటారు కదా. బిడ్డ ఒంటికి తీగలు చుట్టి షాకిస్తారనుకుంది పాపం.

రెండో కీమో అయిన తొమ్మిదో రాత్రి జ్వరం 101 దాటింది. 100.4 దాటితే ఆగకుండా రమ్మని కాగితంలో ఉంది. ఒంటిగంటకు ఆటో ఎక్కాం. తెల్లకణాలు అడుగంటాయన్నారు. వణుకుతో మంచం ఇనుపకడ్డీ టకటకలాడుతోంది. ఇంట్లో నిద్రపోతున్న కూతురికి రేపు జడ ఎవరు వేస్తారు? ఆ రాత్రి నా బుర్రలో తిరిగింది అదొక్కటే.

పక్క మంచం మీద ఒక పెద్దావిడ, మా లంబాడీల పరికిణీ ఫేటియా కట్టుకుని ఉంది. నర్సు అరుస్తోంది: “నాలుగు రోజుల జ్వరాన్ని ఇంట్లో పెట్టుకుని కూర్చున్నారా? చెబితే అర్థం కాదా?” చెప్పింది ఎవరు? కొడుకు చేతిలోని కాగితం మొత్తం ఇంగ్లీషులో ఉంది. మందు పనిచేస్తుంటే ఒంట్లో వేడి పుడుతుందనుకున్నారట. నేను మా లంబాడీ భాష గోర్ బోలీలో “యాడీ”, అంటే అమ్మా అని పిలిచాను. ఆమె చటుక్కున తల తిప్పి, దిండు కింద నుంచి పాలిథీన్ సంచి తీసింది.

అందులో ఆమె చూడో, మోచేతి పైన వేసుకునే తెల్ల గాజులు. భర్త ఉన్నంతకాలం తీయరు. ఆపరేషన్‌కు సబ్బు రాసి లాగేశారు, మళ్లీ వేసుకోవద్దన్నారు. ఎందుకో చెప్పలేదు. “బోసి చేతులతో తండాలోకి వెళితే మా ఆయన పోయాడనుకుంటారు బేటీ. ఆయనేమో గేటు బయట బీడీ కాలుస్తున్నాడు.”

నాకు నవ్వొచ్చింది, ఆ జ్వరంలోనూ.

పొద్దున రౌండుకు వచ్చిన డాక్టరమ్మను నేనే అడిగాను. చంకలో గ్రంథులు తీసేశారు, కుడిచేతికి బిగుతు పడితే నీరు చేరి వాయొచ్చు, అందుకే వద్దన్నారట. ఎడమ చేతికి వేసుకోవచ్చా అంటే, నిక్షేపంగా వేసుకోవచ్చు, బీపీ చూసేటప్పుడు తీస్తే చాలు అంది. మొత్తం రెండు నిమిషాల మాట. ఆపరేషన్‌కు ముందు ఈ రెండు నిమిషాలు ఎవరికీ దొరకలేదు!

కీమో తీసుకునేవాళ్లు ఇంట్లో థర్మామీటరు పెట్టుకోండి. ఏ అంకె దాటితే పరుగెత్తాలో మీకు అర్థమయ్యే భాషలో చెప్పించుకునే దాకా కుర్చీలోంచి లేవకండి, వెనక వరుస ఎంతున్నా సరే. నా జ్వరం దించింది యాంటీబయాటిక్కా, మా లంబాడీల గురువు సేవాలాల్ మహరాజా అని అమ్మతో వాదించడం మానేశాను. ఆయనకు మొక్కిన నైవేద్యం, భోగ్ భండారో, చేయించింది, నేనూ కూర్చుని తిన్నాను.

నా ‘కరెంటు’ రోజుల్లో ఒకసారి ఆ పెద్దావిడ వరండాలో కనబడింది, భర్త పక్కనే. కుడిచెయ్యి పైట కింద ఉంది. నన్ను చూసి ఎడమ చెయ్యి పైకెత్తి గలగలలాడించింది.