చైను పడకుండా చేసేసరికి

ఇల్లు పర్లాకిమిడిలో, ఉద్యోగం టెక్కలిలో. ఇంటి నుంచి స్టేషన్‌కి, రైలు దిగాక ఆఫీసుకి తొక్కుకోవచ్చని మడత సైకిలు కొన్నాను. 20 అంగుళాల చక్రాలు, వెనక 9 గేర్లు, ముందు పెడళ్ల దగ్గర ఒకటే చైన్‌వీల్ (చైను ఎక్కే పళ్లచక్రం). రాజుల కాలం నాటి మా చిన్న రైలు లైను 2011లో బ్రాడ్‌గేజ్ అయింది గానీ, పాసింజర్ తప్పితే ఇప్పటికీ పడిగాపులే. చైను వల్ల నాకు ఒకే నెలలో మూడుసార్లు తప్పింది.

చక్రం గుంతలో దిగితే చాలు, చైను లోపలికి జారి చైన్‌వీల్‌కీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కునేది. మడతపెట్టేటప్పుడు పెడల్ వెనక్కి తిరిగినా అంతే. చొక్కా నిండా గ్రీజు. సాగిపోయిందేమోనని కొత్త చైను వేయించాను. డబ్బులు పోయాయి, చైను పడడం ఆగలేదు.

పాతపట్నంలో ఒక ముసలి మిస్త్రీ సైకిల్ని తలకిందులు చేసి, పెడల్ మెల్లగా తిప్పుతూ, "చైన్నేటంటావు బాబూ, పళ్లు సూడు" అన్నాడు. 52 పళ్లలో కొన్ని పొట్టివి. లోపలి ముఖాన చిన్న మెట్లు చెక్కి ఉన్నాయి. ముందు రెండు చైన్‌వీళ్లుండే సైకిళ్లలో చైను ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి సులువుగా ఎక్కడానికి చేసిన పళ్లవి. అక్కడైతే చైనుని పక్కకి జరిపే ముందు డీరైలర్ చైనుకి అటూ ఇటూ గోడలా కాపుంటుంది. నా సైకిలుకి గోడ లేదు, దూకే సదుపాయం మాత్రం ఉంది!

కొత్త చైను కొలవకుండా వేశారట. వెనక గేర్లలో అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రం మీదికి వేసి చూసి, రెండు లింకులు, అంటే ఒక అంగుళం, తీసేశాడు. చైన్‌వీల్ నేనే ఆన్‌లైన్‌లో తెప్పించాను: ఒక పన్ను సన్నం, పక్కది లావు. చైనులో కూడా ఒక లింకు ఇరుకు, మరొకటి వెడల్పు కదా, లావు పన్ను వెడల్పు లింకులో బిగువుగా కూర్చుంటుంది. మొదటిసారి ఒక పన్ను తేడాగా వేశాను. చైను లావు పళ్ల నెత్తినెక్కి కటకటలాడింది. ఒక్క లింకు జరిపాక టక్కున దిగింది. లోపలికి పడకుండా సీటు గొట్టానికి చైన్ క్యాచర్ కూడా బిగించాను.

ఈ వానాకాలమంతా ఒక్కసారే పడింది. అదీ రైల్లో మడతపెట్టిన సైకిల్ మీద ఎవరో బియ్యం బస్తా దించితే.